బడిలో కౌన్సెలరు – చదవలేని పిల్లవాడు

వార్షిక సంచికకు సైన్సు విద్యార్థుల తరఫున ఒక వ్యాసం ఇవ్వవలసిందని విద్యార్థి సంఘం మిత్రులు అడిగినప్పుడు, నేలలోని నత్రజని గురించి రాద్దామనుకున్నాను. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినదాన్ని గనుక ఆ విషయం నాకు చేతికందేది. రెండు పేజీలు రాశాను కూడా. అంతలో మా ఇంట్లో ఒక కాగితం మీద సంతకం పెట్టాలా వద్దా అన్న తగాదా వచ్చింది. వారం రోజులు మా పొయ్యి దగ్గర అదే మాట. నత్రజని పక్కకు పోయింది. ఆ కాగితం సంగతే రాస్తున్నాను. ఇది ఒక్క మా ఇంటి సంగతే అయితే ఇక్కడ రాయకపోదును. రేపు బి.ఎడ్. చేసి బడిపంతుళ్ళు కాబోయే మిత్రులు మన కళాశాలలో ఎందరో ఉన్నారు గనుక ఇది వారికి పనికివస్తుందని నా నమ్మకం.

ఇంటి సంగతి

మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమనున్న ఒక పల్లె మాది. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డ ప్రాంతం. ఇప్పుడు తోటల చోట ప్లాట్ల రాళ్ళు పాతుకున్నాయి. మిగిలిన రెండెకరాలలో మా నాయిన టమాట, కాకర, ఆకుకూర వేస్తాడు. నాకు ఒక్క తమ్ముడు. వయస్సు పదిహేను. ఈ మార్చిలో పదో తరగతి పరీక్షలు రాయాలి.

తమ్ముడు మాటకారి. బోరు మోటరు చప్పుడు విని ఫేజు పోయిందో, నీళ్ళు దిగిపోయినయో చెప్తాడు. కూరగాయల లెక్క నోటితో కట్టేస్తాడు. కానీ పుస్తకం చేతికిస్తే వాడు వేరే మనిషి. ఒక్కొక్క అక్షరం తడుముకుంటూ పోయి, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతాడు. ‘పత్తి’ని ‘పతి’ అంటాడు, ‘ఎద్దు’ను ‘ఎదు’ అంటాడు. రాత కూడా అంతే. మొదట్లో తిట్టినం, తర్వాత కొట్టినం, ఆ తర్వాత అలసిపోయి వదిలేసినం. నేను చేసిన తప్పు వేరే ఉన్నది. వాని హోంవర్కు మూడేండ్లు నేనే రాసి ఇచ్చాను. నాకు తొందర, వానికి సుఖం. పైగా ‘మొద్దు’ అని పిలిచేదాన్ని కూడా. బడిలో ఎవరికీ అనుమానం రాకపోవటానికి నా దస్తూరి కూడా ఒక కారణమని ఇప్పుడు అర్థమవుతున్నది.

ఏది వైకల్యం, ఏది కాదు

పై లక్షణాలున్న స్థితికి వైద్యులు, విద్యావేత్తలు పెట్టిన పేరు నిర్దిష్ట అభ్యసన వైకల్యం. చదవటంలో వస్తే డిస్లెక్సియా, రాయటంలో వస్తే డిస్గ్రాఫియా, లెక్కలలో వస్తే డిస్కాల్క్యులియా. ఇది కొత్తగా పుట్టిన రోగం కాదు. 1896లో ప్రింగిల్ మోర్గాన్ అనే ఇంగ్లీషు వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పధ్నాలుగేళ్ళ కుర్రవాడొకని గురించి రాశాడు. ఆ పిల్లవానికి చూపు బాగున్నది, తెలివి ఉన్నది, లెక్కలు వస్తాయి. అక్షరాలు మాత్రం నిలువవు. పాఠాలన్నీ నోటితోనే చెప్పే పక్షంలో బడిలో అందరికంటే చురుకైనవాడు ఇతడే అయ్యేవాడని వాని మాస్టరు అభిప్రాయపడ్డాడట. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నూట పాతికేండ్ల కిందటనే ఎక్కడో సముద్రం ఒడ్డు ఊళ్ళో ఒక పంతులు గమనించిన సంగతి, ఒకే కప్పు కింద పెరిగిన నేను గమనించలేదు గదా!

‘అభ్యసన వైకల్యం’ అన్న మాటను 1963లో అమెరికాలో శామ్యూల్ కిర్క్ అనే విద్యావేత్త వాడుకలోకి తెచ్చాడు. బడి వయస్సు పిల్లలలో నూటికి 5 నుంచి 15 మందికి ఏదో ఒక రూపంలో ఇది ఉండవచ్చునని మానసిక వైద్యుల అంచనా. అంటే నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరి నుంచి ఆరుగురు. మనలో ప్రతి ఒక్కరి బెంచీ మీదనో, వెనుక బెంచీ మీదనో ఇటువంటివాడొకడు కూర్చునే ఉంటాడన్నమాట.

ఇది మేధోవైకల్యం కాదు. ఈ తేడా పల్లెలలోనే కాదు, బడులలో కూడా తెలియదు. మేడ్చల్ నుంచి సికింద్రాబాదు పోయేటప్పుడు వచ్చే బోయినపల్లిలో, మనోవికాస్ నగర్ అనే చోట, 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఒకటి ఉన్నది. మేధోవైకల్యం గల వారి కోసం ఏర్పడి, ఎందరికో చేయూతనిచ్చిన సంస్థ అది. కానీ మా వైపు తల్లులకు ఆ పేరు చెప్తేనే గుండె జారుతుంది. “మా పోరడు పిచ్చోడా?” అంటారు. మా అమ్మ కూడా అదే అన్నది. పిల్లవానికి పాఠం చదివి వినిపిస్తే అర్థమవుతుంది, తానే చదివితే అర్థం కాదు. వినికిడికీ చదువుకూ నడుమ ఉండే ఈ దూరమే గుర్తు. మేధోవైకల్యంలో సాధారణంగా ఆ దూరం ఇంతగా కనపడదు.

చూపులోపం కూడా కాదు. మాటలోని ధ్వనులను విడదీసి, వాటిని అక్షరాలతో కలిపే పని మెదడులో జరుగుతుంది. ఆ పని కొందరిలో మందంగా సాగుతుంది. ఇది వంశంలో రావటం కూడా ఉన్నది. మా నాయిన నాలుగో తరగతిలో బడి మానేశాడు. సంతకం పెట్టటానికి ఇప్పటికీ చెమట పడుతుంది. ఎందుకు మానేసినవని మేమెన్నడూ అడగలేదు.

మన లిపి సంగతి

ఇక్కడ ఒక ముఖ్య విషయం మనవి చేయాలి. డిస్లెక్సియా అనగానే చాలామందికి ఇంగ్లీషు ‘బి’ని ‘డి’గా తిప్పి రాయటం గుర్తుకువస్తుంది. 2007లో వచ్చిన హిందీ సినిమా ‘తారే జమీన్ పర్’ పుణ్యమా అని ఈ వైకల్యం పేరు ఇంటింటికీ తెలిసింది, మంచిదే. కానీ అక్షరాలు తిరగరాయటం ఒక్కటే గుర్తు అనుకోవటం పొరపాటు. చిన్నతనంలో అది చాలామంది పిల్లలు చేసే పనే.

తెలుగు వేరు. ముప్ఫై అయిదు హల్లులనుకొని, ఒక్కొక్కదానికి పన్నెండు గుణింతపు రూపాలనుకుంటే 420 అవుతాయి. ఆపైన ఒత్తులు. ‘రాష్ట్రం’ అన్న మాటలో ఒకే అక్షరంలో మూడు హల్లులున్నాయి. కన్ను వరుస మీద పోతూ పోతూ, ఒత్తు కోసం కిందికి దిగి, మళ్ళీ పైకి రావాలి. మ–య, ప–వ–ష, ద–ధ చూడటానికి దగ్గర చుట్టాలు. బెంగుళూరుకు చెందిన సోనాలీ నాగ్ కన్నడ పిల్లల చదువును పరిశీలించి 2007లో ప్రచురించిన వ్యాసంలో, ఇటువంటి లిపిలో అక్షరాలన్నీ పట్టుబడటానికి ఒకటి రెండు తరగతులు చాలవని, ఇంకా కొన్నేండ్లు పడుతుందని చూపారు. కన్నడ లిపి మనకు అక్కచెల్లెలు వంటిదే గనుక ఈ మాట మనకూ వర్తిస్తుంది.

మరొక సంగతి. తెలుగులో రాసినట్టే చదువుతాం. ఇంగ్లీషులో మాదిరి ఒక రాత, ఇంకొక పలుకు లేదు. కావున మన పిల్లవాడు తడుముకుంటూ, కూడబలుక్కుంటూ చివరికి సరిగానే చదవవచ్చు. లోపం తప్పులలో కంటే ఆలస్యంలో ఎక్కువగా కనపడుతుంది. ఇంగ్లీషు పుస్తకాలు చదివి వచ్చిన కౌన్సెలరు తప్పుల కోసం వెతుకుతారు. తప్పులు తక్కువగా కనపడితే “వీనికేం లేదు, బద్ధకం” అని తేల్చేస్తారు. ఆ ఆలస్యాన్ని లెక్క పెట్టేవారే ఉండరు.

ముగ్గురిని అడిగాను

బడిలో ఈ పిల్లలకు మొదటి దిక్కు ఎవరు? పేరుకు కౌన్సెలరు. పట్టణపు పెద్ద బడులలో ఆ పేరుతో ఒకరుంటారు. మా ఊరి వంటి చోట ఆ పని ఒక మాస్టరు మీద పడుతుంది, లేదా ఎవరి మీదా పడదు. మా తమ్ముని చదువులో ఇటువంటివారు ముగ్గురు తగిలారు. ఈ దసరా సెలవులలో ముగ్గురినీ మళ్ళీ కలిసి మాట్లాడాను. ఇది సర్వే కాదు, అంకెలు తీయటానికి ముగ్గురు చాలరు. కానీ వైఖరి అనేది ఎట్లా పుడుతుందో చూడటానికి చాలింది.

మొదటివారు తమ్ముడు ఏడో తరగతి వరకు చదివిన ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలోని కౌన్సెలరు మేడమ్. ఆనాడు ఆమె తమ్మునితో పది నిమిషాలు మాట్లాడి, “ఎందుకు చదువుతలేవు నాన్నా?” అని లాలనగానే అడిగింది. వాడు తల దించుకున్నాడు. టైంటేబుల్ రాసిచ్చింది. ఫోను బందు పెట్టమన్నది. ఏకాగ్రతకు పొద్దున్నే ధ్యానం చేయించమన్నది. ఆరు నెలలకు, “ఇక్కడ బాబుకు బర్డెన్ అయితున్నది, వేరే బడి చూసుకోండి” అని కబురు వచ్చింది. మా నాయినకు అదొక అవమానం.

ఇప్పుడు కలిస్తే ఆమె దాచకుండా మాట్లాడింది. “అంత మంది పిల్లలకు నేనొక్కదాన్నే అమ్మా. అడ్మిషన్లప్పుడు అడ్మిషన్ల పని, పరీక్షలప్పుడు భయం పోగొట్టే పని. నా చదువులో ఈ వైకల్యం గురించి ఉన్నది ఒక్క పాఠం. మీ తమ్మున్ని చూసినప్పుడు నాకేదో అనుమానం వచ్చింది. కానీ తెలియదని చెప్తే నా ఉద్యోగానికి విలువేమున్నది? అందుకే తెలిసిన సలహాలు చెప్పిన,” అన్నది. నేను కోపంతో పోయినదాన్ని, కోపం లేకుండా తిరిగి వచ్చాను.

రెండవవారు ఇప్పుడు తమ్ముడు చదువుతున్న జిల్లా పరిషత్ బడిలోని సైన్సు సారు. పిల్లల కష్టసుఖాలన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. దేవునివంటి మనిషి. “వానికి చదువు రాకున్నా గుణం మంచిది బిడ్డా. నేనెప్పుడూ నిలబెట్టి చదివించలేదు, నలుగురిలో నవ్వులపాలు చేయలేదు,” అన్నాడు. నిజమే. దానికి మేము రుణపడి ఉన్నాం. కానీ చదివించకుండా ఉండటం కోసం వానికి నీళ్ళ బిందె, సుద్దముక్కల డబ్బా, మధ్యాహ్న భోజనం లెక్క అప్పజెప్పేవారు. రెండేండ్లు వాడు బడిలో అన్ని పనులూ చేశాడు, చదువు తప్ప. తిట్టిన బడి వాన్ని వెళ్ళగొట్టింది, జాలిపడ్డ బడి వాన్ని ఊరికే కూర్చోబెట్టింది. వానికి అక్షరం మాత్రం రెండు చోట్లా దొరకలేదు.

మూడవవారు మండలంలోని భవిత కేంద్రంలో పనిచేసే రిసోర్సు పర్సన్ మేడమ్. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద నడిచే కేంద్రాలివి. అక్కడ పనిచేసేవారిని ఐఈఆర్పీలు అంటారు. ఒప్పందపు ఉద్యోగం, చూడవలసిన బడులు అనేకం, బస్సులలో తిరుగుడు. కిందటేడు ఆమె మా బడికి వేరే పిల్లవాని కోసం వచ్చి, సుద్దముక్కల డబ్బా తెచ్చిన మా తమ్మున్ని చూసింది. డబ్బా మీది పేరు చదవమన్నది. వాడు నవ్వి తప్పించుకోబోయాడు. ఆమె వదలలేదు. పక్కన కూర్చోబెట్టుకొని, “ఎట్ల చదువుతున్నవో నాకు చూపియ్యి,” అన్నది.

మిత్రులారా, ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది. మొదటి మేడమ్ ‘ఎందుకు చదువుతలేవు’ అని అడిగింది. ఆ ప్రశ్నకు పిల్లవాని దగ్గర జవాబు లేదు. నేరం ఒప్పుకోవటమొక్కటే మిగులుతుంది. సారు అసలే అడగలేదు. మూడవ మేడమ్ ‘ఎట్ల చదువుతున్నవు’ అని అడిగింది. దానికి వాడు జవాబు చూపించగలిగాడు. ఆమె ఒక పేరా వానితో చదివించి ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకున్నది. ఎక్కడ ఒత్తు పోయిందో, ఎక్కడ కొమ్ము పోయిందో గీత గీసింది. తర్వాత అటువంటిదే ఇంకొక పేరా తాను చదివి వినిపించి ప్రశ్నలడిగింది. వాడు అన్నింటికీ చెప్పాడు. అరగంట పని. పదేండ్లలో ఎవరూ చేయని పని.

ముగ్గురిలో ఎవరూ చెడ్డవారు కారు. మొదటి మేడమ్‌కు సానుభూతి ఉన్నది, సారుకు అంతకంటే ఎక్కువ ఉన్నది. అయినా సాయం జరగలేదు. ఎందుచేతనంటే వైఖరి అనేది మనస్సులో మాత్రమే పుట్టదు. తెలిసినదాన్ని బట్టి, చేతిలో ఉన్న సమయాన్ని బట్టి, తెలియదని ఒప్పుకోగల స్వేచ్ఛను బట్టి పుడుతుంది. బద్ధకమని తలిస్తే సలహా వస్తుంది, మొద్దుతనమని తలిస్తే జాలి వస్తుంది. చదివే తీరులో చిక్కున్నదని తెలిసినప్పుడే పని మొదలవుతుంది.

మా నాయిన చేనులో ఆకు పసుపు పడితే చెట్టును తిట్టడు. ముసలి ఆకు ముందు పసుపు పడ్డదా, లేత ఆకు ముందు పడ్డదా అని వంగి చూస్తాడు. ముసలి ఆకుతో మొదలైతే నత్రజని లోపం కావచ్చు, లేత ఆకుతో మొదలైతే ఇనుపధాతు లోపం కావచ్చు. రెండింటికీ యూరియా చల్లితే సొమ్ము దండుగ. చెట్టుకు చేసే ఈ మర్యాద పిల్లవానికి చేయకపోవటమేమిటి?

కౌన్సెలరు వరుసగా ఏం చూడాలి?

రిసోర్సు మేడమ్ దగ్గర నేర్చుకొన్నదీ, నేను చదివినదీ కలిపి ఇక్కడ చెప్తున్నాను. మొదట కన్ను, చెవి పరీక్ష చేయించాలి. రెండవది, పిల్లవాడు బడికి సరిగా వచ్చాడా, వానికి అసలు పాఠం చెప్పినవారున్నారా అని చూడాలి. కూలికి వలసపోయి ఏడాదికి సగం రోజులు బడి పోగొట్టుకున్న పిల్లవానికి చదువు రాకపోతే అది వైకల్యం కాదు, బడి దొరకకపోవటం. మూడవది, ఇంటి భాష, బడి భాష ఒకటేనా? మా ఇంట్లో మాట్లాడేది ఒక తెలుగు, పుస్తకంలోది ఒక తెలుగు, ఆపైన ఇంగ్లీషు. భాష రాక తడబడితే అదొక సంగతి, ఏ భాషలోనైనా అక్షరం దగ్గరే తడబడితే అదొక సంగతి. ఇవన్నీ చూసిన తర్వాత, నాలుగవది, వినిపిస్తే అర్థమవుతున్నదా, చదివితే అవుతున్నదా అని పోల్చాలి. ఇంతవరకు ఏ బడిలోనైనా చేయవచ్చు. రోగనిర్ణయం మాత్రం కౌన్సెలరు చేయరాదు. అది నిపుణుల పని. చిన్నపిల్లలలో తొందరపడి ముద్ర వేయరాదు గనుకనే, 2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలు ఎనిమిదేండ్లు నిండిన తర్వాతనే ధృవపత్రం ఇవ్వాలని, పధ్నాలుగో ఏట, పద్దెనిమిదో ఏట మళ్ళీ పరీక్షించాలని చెప్పాయి.

పరీక్ష అయ్యేవరకు చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేదు. పాఠం చదివి వినిపించటం, బోర్డు మీదిది దింపుకోవటానికి ఎక్కువ సమయమివ్వటం, జవాబు నోటితో చెప్పనివ్వటం, నలుగురిలో గట్టిగా చదవమని నిలబెట్టకపోవటం, రోజుకు ఇరవై నిమిషాలు ఒత్తులు, గుణింతాలు ధ్వనితో కలిపి సాధన చేయించటం. వీటికి జీవో అక్కరలేదు.

చట్టంలో ఉన్నది, బడిలో లేనిది

1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. అందులో ఇది లేదు. 2016 చివరలో పార్లమెంటు ఆమోదించి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆ సంఖ్య ఇరవై ఒకటికి పెరిగి, నిర్దిష్ట అభ్యసన వైకల్యానికి చోటు దొరికింది. ఆ చట్టం 16వ సెక్షను, ఇటువంటి పిల్లలను వీలైనంత తొందరగా గుర్తించి తగిన బోధన చేయవలసిన బాధ్యతను విద్యాసంస్థల మీద పెట్టింది. 17వ సెక్షనులో పరీక్షకు అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండవ, మూడవ భాషల నుంచి మినహాయింపు వంటివి ఉన్నాయి. అంటే ఇవి కౌన్సెలరు దయతలచి ఇచ్చేవి కావు, పిల్లవానికి రావలసినవి.

అయితే చెప్పేవారేరి? 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికొకరు, ఆపై తరగతులలో పదిహేనుమందికొకరు ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని చెప్పింది. మన రాష్ట్రంలో 2024 ఫిబ్రవరిలో వచ్చిన డీఎస్సీ ప్రకటనలోని 11,062 పోస్టులలో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంటు, 796 ఎస్జీటీ పోస్టులు, మొత్తం 1,016 చూపారు. ఇది సంతోషించదగిన మొదలు. కానీ రాష్ట్రంలోని ఊరూరి బడులను తలచుకుంటే, చేను పెద్దది, తడి చిన్నది. అందుచేత మామూలు ఉపాధ్యాయుని చూపు మారకుండా ఈ పిల్లల బతుకు మారదు.

కాగితం మీద సంతకం

ఇక ఆ కాగితం. తమ్మున్ని ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి, ధృవపత్రం తెచ్చి, పదో తరగతి పరీక్షకు సహాయకుని కోసం, అదనపు సమయం కోసం దరఖాస్తు పెట్టమన్నది రిసోర్సు మేడమ్. పరీక్ష చేసే పద్ధతి కూడా విడమరచి చెప్పింది. పిల్లల వైద్యుడు ఆరోగ్యం, చూపు, వినికిడి చూస్తాడు, తర్వాత తెలివికి సంబంధించిన పరీక్ష, ఆ తర్వాతనే చదువు, రాత, లెక్కల పరీక్షలు. దరఖాస్తు మీద తండ్రి సంతకం కావాలి.

నాయిన పెట్టనన్నాడు. “వికలాంగుడని సర్కారే రాసిస్తే రేపు వీనికి పిల్లనెవరిస్తరు? కాళ్ళు చేతులు మంచిగున్న కొడుకును నేనే కుంటోన్ని చేసుకోవాల్నా?” అన్నాడు. ఆ భయం తప్పని నేననలేను. ఊళ్ళో మాట ఎంత దూరం పోతుందో నాకు తెలుసు. అమ్మ ఏడ్చింది. నేను చట్టం చెప్పబోతే నాయిన లేచి మోటరు దగ్గరికి పోయాడు.

నాలుగోనాడు రిసోర్సు మేడమ్ మా ఇంటికే వచ్చింది. శామీర్‌పేట బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడిచి వచ్చింది. ఆమె నాయినకు ఏ ఉపదేశమూ చేయలేదు. “పటేలా, నువ్వు చిన్నప్పుడు ఎట్ల చదివినవు?” అని అడిగింది. నాయిన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “అక్షరాలు నిలువకపోతుండె మేడమ్. పంతులు గోడకుర్చీ వేయిస్తుండె. పారిపోయిన,” అన్నాడు. మా అమ్మకు కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. తమ్ముడు గడపలో నిలబడి విన్నాడు.

ఆ రాత్రి తమ్ముడు నాతో, “అక్కా, చదివి వినిపిస్తె నాకన్నీ వస్తున్నయి గద, మరి నేను మొద్దునెట్లయిత?” అన్నాడు. వానికి జవాబు చెప్పవలసినదాన్ని నేనే. ఇన్నాళ్ళు ఆ మాట అన్నదాన్ని నేనే. తెల్లవారి నాయిన సంతకం పెట్టాడు. చేయి వణికింది, అయినా పెట్టాడు.

ధృవపత్రం రావటానికి మాకు మూడు తిరుగుళ్ళు పట్టింది. నలభై శాతం అనే గీత గురించి కూడా భయపడ్డాం. కానీ 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ అనే సివిల్ సర్వీసు అభ్యర్థి కేసులో, రాయటంలో ఇబ్బంది ఉన్నవారికి ఆ శాతం లేదన్న కారణంతో సహాయకుని నిరాకరించరాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దానికి అనుగుణంగా 2022 ఆగస్టులో కేంద్రం వేరే మార్గదర్శకాలు ఇచ్చింది. 2018 ఆగస్టు నాటి మార్గదర్శకాలలో గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనపు సమయం ఇవ్వాలని ఉంది. సహాయకుడు అభ్యర్థి కంటే ఒక మెట్టు కింద చదువుతున్నవాడై ఉండాలని కూడా ఉంది. కాబట్టి నేను రాసిపెట్టటానికి వీలులేదు. ఒక విధంగా అదే మంచిది. మూడేండ్లు రాసిపెట్టి చేసిన పాపం చాలు. మా వాడకట్టులో తొమ్మిదో తరగతి చదివే పిల్లవాడు ఒప్పుకున్నాడు. ఇద్దరూ సాయంత్రాలు కూర్చొని, ఒకడు చెప్పటం, ఒకడు రాయటం అలవాటు చేసుకుంటున్నారు. చెప్పటం కూడా నేర్చుకోవలసిన విద్యే అని అప్పుడు తెలిసింది. తమ్ముడు వేగంగా చెప్తాడు, ఆ పిల్లవాడు ఆపమంటాడు. దరఖాస్తు పోయింది. అనుమతి కోసం ఎదురుచూస్తున్నాం.

వాడు పాసవుతాడో లేదో నాకు తెలియదు. అభ్యసన వైకల్యం ఉన్నవారందరూ లోపల గొప్ప శాస్త్రవేత్తలో, చిత్రకారులో అయి ఉంటారని కొందరు ఓదార్పుకు చెప్తుంటారు. అది కూడా ఒక బరువే. మా తమ్ముడు మేధావి కానక్కరలేదు. వానికి రావలసిన మార్కులు వానికి వస్తే చాలు.

మన వంతు

మనలో ఎందరో రేపు బడులలో నిలబడతాం. బి.ఎడ్.లో సమ్మిళిత విద్య అని ఒక పాఠ్యాంశం ఉన్నది. దాన్ని పరీక్ష ముందురోజు బట్టీపట్టి వదిలేయకుండా, ఒక్క పిల్లవాని పక్కన కూర్చొని గడియారం పెట్టి వినగలిగితే అదే అసలు పాఠం. కౌన్సెలర్లను నిందించి ప్రయోజనం లేదు. వారికి శిక్షణ, సమయం, తెలియదని చెప్పగల ధైర్యం కల్పించమని అడగటం మన బాధ్యత. మన విద్యార్థి సంఘం ప్రతి సంవత్సరం రక్తదాన శిబిరం పెడుతున్నది, సంతోషం. వారానికి ఒక సాయంత్రం దగ్గరి భవిత కేంద్రానికి పోయి పాఠాలు చదివి వినిపించే పని కూడా పెట్టుకుంటే బాగుంటుందని నా మనవి. దానికి రక్తం అక్కరలేదు, గొంతు ఉంటే చాలు.

నత్రజని వ్యాసం వచ్చే సంవత్సరం రాస్తాను. ఈలోగా మీ ఇంట్లోనో, పక్కింట్లోనో పుస్తకం చూడగానే తల దించుకునే పిల్లవాడుంటే, ఎందుకని అడగకండి. పక్కన కూర్చొని, ఎట్ల చదువుతున్నవో చూపియ్యిమని అడగండి.